మరిచిపోయినవాళ్ళు చెప్పే కథలు: ఆరు సైకలాజికల్ థ్రిల్లర్లలో మీకు ఏది?

మంచి సైకలాజికల్ థ్రిల్లర్ ఏదైనా చెప్పమని ఎవరినడిగినా వచ్చే జవాబు దాదాపు ఒకటే: "ఇది చదువు, చివర్లో ట్విస్ట్ మామూలుగా ఉండదు." ఆ మాట ఎంపికకు ఏమీ పనికిరాదు. గతం గుర్తులేని మనిషి కథ చెప్తున్నాడంటే చివర్లో ట్విస్ట్ ఉండే తీరుతుంది. అన్నింట్లోనూ ఉన్నదాన్ని చూసి ఒకదాన్ని ఎలా ఎంచుకుంటాం?

నా మటుకు నేను మొదట చూసేది ఆ మనిషి ఎలా మరిచిపోయాడన్నది. నిద్రపోయిన ప్రతిసారీ జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోయే మనిషి కథకూ, తాగిన రాత్రి తను ఏం చేసిందో తెలియని మనిషి కథకూ, వయసు మీదపడి పేర్లు ఒక్కొక్కటే జారిపోతున్న పెద్దావిడ కథకూ పోలిక లేదు. చదివేటప్పుడు పుట్టే భయం వేరు, పేజీలు తిరిగే వేగం వేరు, పుస్తకం మూసేశాక మిగిలేది వేరు.

ఇక్కడ తీసుకున్నవి ఐదు ఇంగ్లీషు నవలలు, ఒక సినిమా. మనకు బాగా తెలిసిన రెండు సినిమాలు పోలిక కోసం మధ్యలో వస్తాయి. ముగింపులు ఎక్కడా బయటపెట్టను. కాకపోతే ఒకటి రెండు పుస్తకాలకు ఈ జాబితాలో పేరు కనబడటమే సగం లీకు. దానికి నేను చేయగలిగింది లేదు.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మరపు ఏ రకం? ఈ కథల్లో ఎక్కువ వాడుకున్నది కొత్త జ్ఞాపకాలు నిలవని స్థితి. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి విలియం స్కోవిల్ అనే సర్జన్ మెదడుకు ఆపరేషన్ చేసి, కొత్త జ్ఞాపకాలు నిలవడానికి అవసరమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలో రెండువైపులా చాలావరకు తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి. కానీ అప్పటినుంచి 2008లో చనిపోయేదాకా కొత్తగా కలిసిన మనిషి గానీ, పొద్దున తిన్న తిండి గానీ అతనికి గుర్తుండలేదు. అతన్ని దశాబ్దాలపాటు పరీక్షించిన మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ప్రతిసారీ అతనికి కొత్త మనిషే. చిన్ననాటి సంగతులు మాత్రం గుర్తుండేవి.

తాగుడు వల్ల వచ్చే బ్లాకౌట్ ఇంకో రకం. ఆ సమయంలో మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, గొడవ కూడా పడతాడు. మెదడు మాత్రం దాన్ని దాచిపెట్టదు. కొందరికి ఆ గంటలు పూర్తిగా ఖాళీ. కొందరికి ఎవరైనా గుర్తుచేస్తే ముక్కలు ముక్కలుగా తిరిగొస్తాయి. థ్రిల్లర్ రాసేవాళ్ళకు ఈ రెండో రకం వరం లాంటిది.

అల్జీమర్స్‌లో కొత్తవి ముందు పోతాయి, పాతవి చాలాకాలం నిలుస్తాయి. ఫ్రెంచ్ మనస్తత్వ శాస్త్రవేత్త రిబో 1881లోనే ఈ వరసను గమనించి రాశాడు. మన ఇళ్ళలో కూడా చూస్తుంటాం: పెళ్ళినాటి భోజనంలో ఏమేం వడ్డించారో వరసగా చెప్పే అమ్మమ్మ, ఇందాక వేసుకున్న మాత్ర మళ్ళీ అడుగుతుంది.

నాలుగోది, గుర్తున్నట్టే ఉండి నిజం కానిది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు కొందరు విద్యార్థులకు కారు ప్రమాదం వీడియో చూపించారు. కొందరిని "కార్లు గుద్దుకున్నప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు, ఇంకొందరిని "నుజ్జునుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అని అడిగారు. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అంటే, మొదటి గుంపుకన్నా రెండో గుంపులో ఎక్కువమంది చూశామన్నారు. వీడియోలో పగిలిన అద్దమే లేదు. అడిగే తీరులో ఒక్క మాట మారినందుకే జ్ఞాపకం ఇంత మారితే, ఏళ్ళ తరబడి పక్కనే ఉండి మాటలు చెప్పే మనిషి ఏం చేయగలడో ఊహించుకోండి. ఈ నవలల్లో సగం అక్కడినుంచే పుట్టాయి.

అబద్ధం ఎవరిది? నమ్మదగని కథకుడు అనే ఆలోచనకు సాహిత్య విమర్శలో పేరు పెట్టి స్థిరపరిచింది వేన్ బూత్, 1961లో. కానీ నమ్మలేకపోవడానికి కారణాలు వేర్వేరు. కథ చెప్పేవాడు మనతో కావాలని అబద్ధమాడొచ్చు. తనకు తాను అబద్ధం చెప్పుకుంటుండొచ్చు. తను నిజాయితీగానే ఉండి, చుట్టూ ఉన్నవాళ్ళు అతనికి అబద్ధం చెప్తుండొచ్చు. మొదటి రకం చదివితే మోసపోయామన్న కోపం వస్తుంది, కొందరికి అదే ఇష్టం. మూడో రకంలో కథకుడి మీద జాలి, అతని చుట్టూ ఉన్న ప్రతివాళ్ళ మీదా అనుమానం. రెండోది అన్నిటికన్నా కష్టం. అది కుదిరితే మాత్రం పుస్తకం మనల్ని వదలదు.

ముగింపు తెలిశాక నిలబడుతుందా? నాకు అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇదే. నిజం తెలిశాక వెనక్కి వెళ్ళి మొదటి యాభై పేజీలు చదవండి. ప్రతి వాక్యం రెండు అర్థాలతోనూ సరిపోతే రచయిత న్యాయంగా ఆడినట్టు. "అప్పుడలా ఎందుకన్నాడు మరి?" అని ఒక్కచోట ఆగిపోయినా ఎక్కడో చేయి తిప్పినట్టే.

ఇవి కాక మనసు మీద పడే బరువు ఒకటి, ఇంగ్లీషు ఎంత కష్టమన్నది ఒకటి. గృహహింస, మతిమరుపు, తాగుడు, పిల్లల విషయంలో విషాదం ఈ కథల్లో అలవాటుగా వస్తాయి. ట్విస్టు చెప్పకుండా దాచొచ్చు గానీ ఇవి దాచి ఒకరి చేతిలో పుస్తకం పెట్టడం మంచిది కాదు.

| పేరు | మరపు | వేగం | మళ్ళీ చదివితే | ఇంగ్లీషు | ముందే తెలియాల్సింది |
|---|---|---|---|---|---|
| బిఫోర్ ఐ గో టు స్లీప్ (2011) | నిద్రతో చెరిగిపోతుంది | చాలా వేగం | ఓ మోస్తరు | సులువు | ఇంట్లో హింస |
| ద గర్ల్ ఆన్ ద ట్రెయిన్ (2015) | తాగుడు బ్లాకౌట్ | వేగం, మధ్యలో కాస్త మందం | ఓ మోస్తరు | సులువు | తాగుడు, హింస, పిల్లల విషాదం |
| షట్టర్ ఐలాండ్ (2003) | చెప్తే లీకు | వేగం | చాలా బాగుంటుంది | మధ్యస్థం | యుద్ధం, మానసిక వైద్యశాల, పిల్లల విషాదం |
| ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్ (2014) | వయసుతో డిమెన్షియా | నెమ్మది | బాగుంటుంది | మధ్యస్థం | ఇంట్లో పేషెంట్ ఉంటే బరువు |
| టర్న్ ఆఫ్ మైండ్ (2011) | అల్జీమర్స్ | నెమ్మది, ముక్కలుగా | చాలా బాగుంటుంది | ఓపిక కావాలి | అన్నిటికన్నా బరువు |
| మెమెంటో (సినిమా, 2000) | కొత్తవి నిలవవు | వెనక్కి నడుస్తుంది | మళ్ళీ చూసి తీరాలి | సబ్‌టైటిల్స్ ఉంటే మేలు | హత్య, హింస |

## బిఫోర్ ఐ గో టు స్లీప్

ఎస్.జె.వాట్సన్ మొదటి నవల. లండన్‌లో క్రిస్టీన్ అనే ఆవిడ పొద్దున నిద్రలేచేసరికి పక్కన ఎవరో నడివయసు మగాడు. అద్దంలో చూసుకుంటే తనూ నడివయసు మనిషే. తనకేమో ఇంకా ఇరవైల్లో ఉన్నట్టు గుర్తు. అద్దం చుట్టూ ఫొటోలు, వాటి మీద రాతలు: ఇతను నీ భర్త బెన్. రోజూ ఇదే. భర్త ఆఫీసుకు వెళ్ళాక ఒక డాక్టర్ ఫోన్ చేసి, నువ్వు రహస్యంగా డైరీ రాస్తున్నావు, ఫలానా చోట దాచావు అంటాడు. తీసి చూస్తే మొదటి పేజీలోనే తన చేతిరాతతో, బెన్‌ను నమ్మొద్దని ఉంటుంది.

ఇంతకన్నా మంచి మొదలు ఈ ఆరింటిలో దేనికీ లేదు. పాత్రలు తక్కువ, ఇల్లు ఒకటే, ఇంగ్లీషు తేలిక. థ్రిల్లర్ అలవాటు లేనివాళ్ళు కూడా మొదటి రాత్రే సగం లాగించేస్తారు.

హెన్రీ మొలైసన్, క్లైవ్ వేరింగ్ల జీవితాలు ఈ నవలకు కొంత ప్రేరణ అని రచయితే పుస్తకం చివర రాశాడు. క్లైవ్ వేరింగ్ బ్రిటిష్ సంగీతకారుడు. 1985లో మెదడుకు వైరస్ సోకి, కొన్ని క్షణాలకు మించి ఏదీ నిలవని స్థితికి చేరాడు. అతనూ డైరీ రాసేవాడు. ఇప్పుడే మొదటిసారి మెలకువ వచ్చిందని ఒక వాక్యం, కాసేపటికి దాన్ని కొట్టేసి మళ్ళీ అదే వాక్యం, పేజీల కొద్దీ. పైన ఉన్నది తన చేతిరాతే అయినా అది రాసినప్పుడు తనకు నిజంగా మెలకువ ఉందని నమ్మేవాడు కాదు. నవలలో క్రిస్టీన్ మాత్రం రోజంతా గుర్తుంచుకుంటుంది, నిద్రలోనే మరిచిపోతుంది, డైరీలో రాసింది నమ్ముతుంది. కథ నడవాలంటే ఈ వెసులుబాటు తప్పదు, ఒప్పుకుందాం. ఒప్పుకోవడం కష్టమయ్యేది ఇంకోటి. డైరీ రోజురోజుకీ పెరుగుతుంటుంది. ఆవిడ దాన్ని ప్రతిరోజూ మొదటినుంచీ చదవాలి, ఆ రోజు సంగతి సంభాషణలతో సహా నవలలా రాయాలి, భర్త ఇంటికొచ్చేలోపు దాచేయాలి. లెక్క వేసుకుంటూ చదివేవాళ్ళకు ఇది మొదటి సగంలోనే గుచ్చుకుంటుంది. చివర్లో బయటపడే మోసం కూడా ఎన్నో చోట్ల అదృష్టం కలిసొస్తే తప్ప సాగేది కాదు. మళ్ళీ చదివితే ఓ మోస్తరు అన్నది అందుకే.

## ద గర్ల్ ఆన్ ద ట్రెయిన్

పౌలా హాకిన్స్ రాసిన ఈ నవల వచ్చాక "గర్ల్" అనే మాట పేర్లో ఉన్న థ్రిల్లర్లు వరస కట్టాయి. రేచెల్ రోజూ 8.04 లోకల్‌లో లండన్ యూస్టన్ స్టేషన్‌కు వెళ్తుంది. ఉద్యోగం ఎప్పుడో పోయింది, కానీ అద్దెకు గది ఇచ్చిన స్నేహితురాలికి తెలియకూడదని ఆఫీసుకు వెళ్తున్నట్టు నటన. రైలు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒక ఇంట్లో కనిపించే జంటకు తనే పేర్లు పెట్టి, వాళ్ళ కాపురాన్ని ఊహించుకుంటుంది. ఆ వీధిలోనే నాలుగిళ్ళ అవతల తన మాజీ భర్త కొత్త భార్యతో, పసిబిడ్డతో ఉంటాడు. ఒక శనివారం రాత్రి ఆ జంటలో భార్య మాయమవుతుంది. ఆ రాత్రి రేచెల్ అక్కడే ఉంది, తలకు దెబ్బ తగిలింది, ఏమీ గుర్తులేదు.

ఈ నవల బలం మరపుతో వచ్చే సిగ్గు. తాగి ఏం చేశావో ఇంకొకరు చెప్తేనే తెలిసే మనిషి, ప్రతిదానికీ ముందే సారీ చెప్పడానికి సిద్ధంగా ఉంటుంది. "నిన్న రాత్రి నువ్వేం చేశావో తెలుసా?" అని ఎవరైనా అంటే కాదనే ధైర్యం ఉండదు. తాగుబోతు ఆడమనిషి మాట పోలీసులు ఎంత తేలిగ్గా తీసి పక్కన పెడతారో కూడా బాగా చూపించింది రచయిత్రి. ఈ విషయంలో పైపుస్తకం కన్నా ఇదే నిజానికి దగ్గర.

కథ చెప్పేవాళ్ళు ముగ్గురు ఆడవాళ్ళు, తేదీలు ముందువెనకలుగా వస్తాయి. నాకు నచ్చనిది ఆ ముగ్గురి గొంతూ ఒకేలా ఉండటం. అధ్యాయం పైన పేరు చూడకపోతే ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. ఆడియోబుక్‌లో ముగ్గురికీ ముగ్గురు వేర్వేరు గొంతులు పెట్టడంతో ఈ లోపం చాలావరకు తీరింది. చదవడం కన్నా వినడం బాగుండే అరుదైన కేసు ఇది. బస్సులోనో మెట్రోలోనో రోజూ గంటసేపు కూర్చునేవాళ్ళకు చక్కగా సరిపోతుంది.

## షట్టర్ ఐలాండ్

డెనిస్ లెహేన్ నవల. 1954లో బాస్టన్ దగ్గర సముద్రంలో ఒక దీవి, అందులో నేరం చేసిన మానసిక రోగులను ఉంచే ఆసుపత్రి. తాళం వేసిన గదిలోంచి ఒక పేషెంటు మాయమైంది. దర్యాప్తుకు యు.ఎస్. మార్షల్ (అమెరికా ఫెడరల్ పోలీసు అధికారి) టెడ్డీ డేనియల్స్ తన కొత్త జోడీదారుతో పడవలో వస్తాడు. తుపాను ముంచుకొస్తుంది. అతనికి యుద్ధం జ్ఞాపకాలున్నాయి, చనిపోయిన భార్య కలలో వస్తుంటుంది, ఆసుపత్రి వాళ్ళు ఏదో దాస్తున్నారని గట్టి అనుమానం.

కథ టెడ్డీ నోటితో నడవదు, "అతను" అనే సాగుతుంది. అయినా మనం చూసేదంతా అతని కళ్ళతోనే. అతను అనుమానించినవాళ్ళను మనమూ అనుమానిస్తాం, అతనికి వచ్చే తలనొప్పి మనకూ వస్తుంది. రెండోసారి చదివితే పక్కన ఉన్నవాళ్ళ ప్రతి చూపూ, ప్రతి తడబాటూ ఇంకో అర్థంతో కనబడతాయి. ముగింపు తెలిశాక నిలబడుతుందా అన్న పరీక్షలో ఈ నవలకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

1954ను ఎంచుకోవడం కూడా ఊరికే కాదు. మానసిక వైద్యంలో అప్పుడు మూడు దారులు కొట్టుకుంటున్నాయి. మెదడులో నరాలు కోసేసే లోబోటమీ (దానికి 1949లో నోబెల్ కూడా ఇచ్చారు!), ఆ ఏడాదే అమెరికాలో వాడకానికి వచ్చిన క్లోర్‌ప్రొమజీన్ అనే మందు, పేషెంటుతో ఓపిగ్గా మాట్లాడి నయం చేయాలనే మూడో దారి. దీవిలో డాక్టర్ల మధ్య గొడవ అదే. ఈ సంగతి తెలిసి చదివితే నవల ఇంకా బరువెక్కుతుంది. అమెరికన్ యాస, సైన్యం మాటలు అక్కడక్కడా ఆపుతాయి గానీ కథ పట్టు వదలనివ్వదు.

## ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్

ఎమ్మా హీలీ ఇరవైల్లో ఉండగా రాసిన నవల, కథ చెప్పే మాడ్ వయసేమో ఎనభై దాటింది. మతిమరుపు ముదురుతోంది. జేబుల నిండా, ఇంటి నిండా చీటీలు. ఇంట్లో డబ్బాలు డబ్బాలుగా పీచ్ పండ్ల ముక్కలు పడి ఉన్నా దుకాణానికి వెళ్ళి మళ్ళీ అవే కొంటుంది. స్నేహితురాలు ఎలిజబెత్ కనిపించడం లేదని ఆవిడ గోల. కూతురు, పోలీసులు, ఎవరూ పట్టించుకోరు. మరోవైపు 1946లో, యుద్ధం ముగిసి రేషన్ రోజులు నడుస్తుండగా, మాడ్ అక్క సూకీ మాయమైంది. ఆ సంగతులన్నీ ఆవిడకు అద్దంలో చూసినంత స్పష్టం. రిబో చెప్పిన వరసే నవలకు ఎముకల గూడు: నిన్నటిది పొగమంచు, డెబ్బై ఏళ్ళనాటిది పట్టపగలు.

ఇంట్లోవాళ్ళు చాదస్తం అని తోసేసే మాటల్లోనే క్లూలు పెట్టడం ఈ రచయిత్రి తెలివి. కూరగాయల పాదు ఎక్కడ పెడితే బాగా కాస్తుందని మాడ్ పదేపదే అడుగుతుంది. మొదటిసారి నవ్వొస్తుంది. పదోసారి వినేసరికి కూతురికి విసుగు, మనకూ విసుగే. ఆ ప్రశ్న ఎక్కడినుంచి వస్తోందో తెలిసినప్పుడు మన విసుగు మనకే సిగ్గనిపిస్తుంది. ఇక్కడ కథకురాలు ఎవరితోనూ అబద్ధమాడదు. నిజం చెప్తున్నా వినిపించుకునేవాళ్ళు లేరు, అంతే తేడా.

థ్రిల్లర్ వేగం కోరుకునేవాళ్ళకు మధ్యలో సాగినట్టుంటుంది. సగం దాకా ఓపిక పట్టలేనివాళ్ళు మొదలుపెట్టకపోవడమే మంచిది. 2014లో బ్రిటన్‌లో ఇచ్చే కోస్టా మొదటి నవల బహుమతి దీనికే వచ్చింది.

## టర్న్ ఆఫ్ మైండ్

ఆలిస్ లాప్లాంట్ రాసింది. పైదానితో కలిపి ఒకే గాటన కట్టేస్తుంటారు గానీ రెంటికీ స్వభావంలో చాలా దూరం. షికాగోలో జెన్నిఫర్ వైట్ రిటైరైన సర్జన్, చేతి ఆపరేషన్లలో నిపుణురాలు. అల్జీమర్స్ వచ్చింది. అదే వీధిలో ఉండే ప్రాణస్నేహితురాలు హత్యకు గురైంది, శవానికి ఒక చేతి నాలుగు వేళ్ళు నేర్పుగా కోసేసి ఉన్నాయి. పోలీసులు ఎవరిని అనుమానిస్తారో వేరే చెప్పాలా? ఆవిడే చేసిందా అంటే ఆవిడకే తెలియదు.

మాడ్ మీద మనకు మొదటి పేజీ నుంచే ఆప్యాయత పుడుతుంది. జెన్నిఫర్ మీద పుట్టదు. తెలివైనది, కఠినమైనది, ఆ స్నేహం కూడా పైకి కనిపించినంత మెత్తనిది కాదు. కొడుకు, కూతురు, ఇంట్లో చూసుకునే మనిషి రాసిన నోట్స్, ఆవిడ రాసుకున్నవి, ఎవరో అన్న మాటలు, అన్నీ ముక్కలుగా వస్తాయి. జబ్బు ముదిరేకొద్దీ కథ "నేను" నుంచి "నువ్వు"కు, అక్కడినుంచి "ఆమె"కు జారిపోతుంది. మనిషి తనకు తానే పరాయిదైపోవడాన్ని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నేనెక్కడా చూడలేదు. రాతలో పనితనం విషయానికొస్తే ఈ ఆరింటిలో నా ఓటు దీనికే. వైద్యం చుట్టూ తిరిగే పుస్తకాలకు ఇచ్చే వెల్‌కమ్ ట్రస్ట్ బహుమతి 2011లో ఈ నవలకు దక్కింది.

ఓటు వేశాను కాబట్టి మొదట ఇదే చదవమంటున్నానని అనుకోవద్దు. రాత్రి పదింటికి అలసిపోయి తెరిచే పుస్తకం కాదు. పది పేజీలు పరధ్యానంగా చదివితే మళ్ళీ వెనక్కి వెళ్ళాల్సిందే.

## మెమెంటో, మధ్యలో మన గజిని

క్రిస్టఫర్ నోలన్ సినిమా, తమ్ముడు జొనాథన్ ఆలోచనలోంచి పుట్టిన కథ. భార్యను చంపినవాణ్ణి వెతుకుతున్న లియొనార్డ్‌కు కొత్త జ్ఞాపకాలు కొన్ని నిమిషాలకు మించి నిలవవు. పోలరాయిడ్ ఫొటోలు, ఒంటి మీద పచ్చబొట్లు, చీటీలు, వీటితోనే బతుకు. రంగుల సీన్లు చివరినుంచి మొదటికి నడుస్తాయి, బ్లాక్ అండ్ వైట్ సీన్లు మామూలు వరసలో. రెండూ చివర్లో కలుస్తాయి. దీనివల్ల ప్రతి రంగుల సీను మొదలైనప్పుడు అంతకుముందు ఏం జరిగిందో లియొనార్డ్‌కు ఎలా తెలియదో మనకూ అలాగే తెలియదు. అతని జబ్బును స్క్రీన్‌ప్లే మనకు అంటిస్తుంది.

మురుగదాస్ తీసిన గజిని (2005) మన దగ్గర డబ్బింగ్‌లో అందరూ చూసిందే. పచ్చబొట్లు, ఫొటోలు, పదిహేను నిమిషాల జ్ఞాపకం అన్నీ ఉన్నాయి కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. ఒకటి కావు. గజినిలో విలన్ ఎవరో మనకు తెలుసు, ప్రేమకథ మొత్తం మన కళ్ళముందు జరుగుతుంది. హీరోకన్నా మనకే ఎక్కువ తెలుసు, కాబట్టి అతని మరపు మనకు టెన్షన్ పుట్టిస్తుంది తప్ప అనుమానం పుట్టించదు. గజిని నచ్చింది కదా అని మెమెంటో పెట్టుకుంటే నిరాశపడేవాళ్ళు చాలామంది ఉంటారు. అక్కడ అసిన్ నవ్వు లేదు, చివర్లో కసి తీరడం లేదు.

కథానాయకుడి కళ్ళను నమ్మాలా వద్దా అనే ఆటను మన స్టార్ సినిమాలో ఆడింది సుకుమార్, 1 నేనొక్కడినే (2014)లో. మహేష్‌బాబు పాత్రకు తల్లిదండ్రుల హత్య గుర్తుంది. నీకు తల్లిదండ్రులే లేరు, అదంతా నీ భ్రమ అంటారు చుట్టూ ఉన్నవాళ్ళు. అతను చూసింది నిజమని మనం అనుకున్న సీను కాసేపటికే ఉట్టిదని తేలుతుంది. అప్పట్లో ఇక్కడ అనుకున్నంత ఆడలేదు. పాటలూ ఫైట్లూ ఆ ఆటకు చాలాచోట్ల అడ్డం వస్తాయి కూడా. అయినా ఇంగ్లీషు నవల తెరిచే ముందు ఈ తరహా మీకు పడుతుందా లేదా తేల్చుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

## ఎవరికి ఏది

తెలుగు మీడియంలో చదివి, ఒక ఇంగ్లీషు నవలైనా చివరిదాకా పూర్తిచేయాలని అనుకుంటున్నవాళ్ళు బిఫోర్ ఐ గో టు స్లీప్‌తో మొదలుపెట్టండి. లోపాలు చెప్పాను, అయినా ఇదే. వాక్యాలు చిన్నవి, పాత్రల పేర్లతో తికమక లేదు, తర్వాతి పేజీ తిప్పకుండా ఉండలేరు. మొదటి నవలకు అంతకుమించి ఏం కావాలి?

క్లైమాక్స్ ముందే పసిగట్టేసి "నేను చెప్పానా!" అనే రకం ఉంటారు. వాళ్ళకు బిఫోర్ ఐ గో టు స్లీప్, ద గర్ల్ ఆన్ ద ట్రెయిన్ రెండూ తొందరగా దొరికిపోతాయి, ఎందుకంటే అనుమానించదగ్గ మనుషులు అందులో గుప్పెడే. షట్టర్ ఐలాండ్ పసిగట్టినా నష్టం లేదు. తెలిసి చదవడంలో ఇంకో రుచి ఉంది.

ఇంట్లో అమ్మకో నాన్నకో అత్తగారికో మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళకు సలహా ఇవ్వడం కష్టం. ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్ వాళ్ళకు ఉపయోగపడొచ్చు. ఒకే ప్రశ్న ఇరవైసార్లు అడిగే మనిషి లోపల ఏం జరుగుతుందో ఏ డాక్టరూ ఇంత బాగా చెప్పలేడు. కూతురు హెలెన్ అలసట, కోపం కూడా రచయిత్రి దాచకుండా రాసింది, చదువుతుంటే మీ కోపం మీ ఒక్కరిదే కాదని తెలుస్తుంది. టర్న్ ఆఫ్ మైండ్ మాత్రం ఆ రోజుల్లో వద్దు. అందులో పిల్లలు తల్లి డబ్బు గురించి, ఆవిడను ఎక్కడ ఉంచాలన్న దాని గురించి పడే గొడవలు మరీ దగ్గరగా తగులుతాయి.

కాపురంలో మాటలతో గానీ చేత్తో గానీ దెబ్బలు తిన్నవాళ్ళు మొదటి రెండు నవలల జోలికి వెళ్ళేముందు ఆలోచించుకోండి. "నీకు గుర్తులేదు, నేను చెప్తున్నాగా" అనే గొంతు రెండింట్లోనూ వినబడుతుంది. కొందరికి అది పేరు పెట్టలేని అనుభవానికి రూపం ఇస్తుంది, కొందరికి పాతగాయం రేగుతుంది. మీరు ఏ రకమో మీకే తెలియాలి.

కథలు రాయాలనుకునేవాళ్ళయితే ఎలిజబెత్, టర్న్ ఆఫ్ మైండ్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒకే జబ్బు, ఇద్దరు కథకురాళ్ళు. ఒకరిని ప్రేమించేలా, ఒకరిని అనుమానించేలా ఎలా రాశారో చూస్తే, నమ్మించడం అనేది సమాచారం దాచడం కన్నా గొంతు కుదర్చడంలో ఎక్కువుందని కనబడుతుంది. రెండు వారాలు పడుతుంది, పట్టనివ్వండి.

## పుస్తకమా, సినిమానా?

బిఫోర్ ఐ గో టు స్లీప్ 2014లో నికోల్ కిడ్‌మన్, కాలిన్ ఫర్త్‌లతో సినిమాగా వచ్చింది. డైరీ బదులు కెమెరాలో వీడియోలు పెట్టారు. రోజూ అంత చదవడం ఎలా అనే ఇబ్బంది దాంతో తీరింది గానీ, తన చేతిరాతను తనే అనుమానంగా చూసుకునే ఆ చలి పోయింది. పుస్తకమే చదవండి.

ద గర్ల్ ఆన్ ద ట్రెయిన్ 2016లో ఎమిలీ బ్లంట్‌తో వచ్చినప్పుడు కథను లండన్ నుంచి న్యూయార్క్ వైపు తీసుకెళ్ళారు. 2021లో పరిణీతి చోప్రాతో హిందీలో తీసి మళ్ళీ లండన్‌లో పెట్టారు. ఎమిలీ బ్లంట్ నటన కోసం మొదటిది చూడొచ్చు. హిందీది వదిలేసినా ఏమీ పోదు.

ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్‌ను 2019లో బీబీసీ టెలిఫిల్మ్‌గా తీసింది. మాడ్‌గా గ్లెండా జాక్సన్. ఆవిడ ఇరవై ఏళ్ళకు పైగా బ్రిటిష్ పార్లమెంటులో సభ్యురాలిగా ఉండి, ఎనభైల్లో తిరిగొచ్చి ఈ పాత్ర వేసింది, బాఫ్టా అందుకుంది. చదివే తీరిక లేనివాళ్ళు నిశ్చింతగా చూసేయొచ్చు. నవల నెమ్మది కూడా అందులో చాలావరకు తగ్గింది.

షట్టర్ ఐలాండ్ విషయంలో మాత్రం వరస ముఖ్యం. 2010లో మార్టిన్ స్కార్సీసీ డికాప్రియోతో తీసిన సినిమా నవలను దాదాపు అడుగడుగునా అనుసరిస్తుంది, చివర్లో మాత్రం పుస్తకంలో లేని ఒక మాట టెడ్డీ చేత అనిపిస్తుంది. ఆ ఒక్క మాటతో ముగింపు అర్థమే మారిపోతుంది. ముందు నవల చదివి తర్వాత సినిమా చూస్తే రెండు ముగింపులూ మీకు దక్కుతాయి. సినిమా ముందు చూస్తే నవల చివరి పేజీలో ఏదో తగ్గినట్టనిపిస్తుంది, అది ఆ పుస్తకం తప్పు కాదు.